గోటికి తగిలిన గంటు

“కోడిని అలా తలకిందులుగా వేలాడదీసుకొచ్చావేం? ఆఖరి రోజైనా దానికి కాస్త మర్యాద ఇవ్వకూడదూ?”

యూదుల ప్రార్థనాలయమైన సినగాగ్ వెనక, పనసచెట్టు కింద కూర్చుని కత్తి నూరుకుంటున్న ఎలియాబు తలెత్తకుండానే అన్నాడు. వానలో జారుకుంటూ, మోకాళ్ళదాకా ఎర్రమట్టి పూసుకుని కొండెక్కి వచ్చిన తిర్సాకి ఆ పలకరింపుతో ఒళ్ళు మండింది.

“మర్యాదలు తర్వాత. ముందు కొయ్యి. అక్కడ అత్త పొయ్యి రాజేసి కూర్చుంది. పొద్దు వాలితే సబ్బాతు, ఆపైన నిప్పు ముట్టుకోనివ్వదు.”

“ఇంత బలిసిన కోడి దేనికి? ఎవరైనా వస్తున్నారా?”

“కంపాలా పట్నం నుంచి గమలీయేలు వస్తున్నాడు. నన్ను చూసుకోవడానికి.”

కత్తి నూరే చప్పుడు ఆగింది. తిర్సా ఓరకంట చూసింది. కానీ అతను తల వంచుకునే ఉన్నాడు. చప్పుడు మళ్ళీ మొదలైంది.

ఆ కొండ మీద కోళ్ళు కోసే అర్హత ఎలియాబు ఒక్కడికే ఉంది. మతగురువు రబ్బీ దగ్గర ఏళ్ళ తరబడి చదివి, పరీక్ష నెగ్గి ఆ కత్తి పట్టాడు. అతను తినొచ్చంటే కొండంతా తింటుంది, వద్దంటే ఒక్కరూ ముట్టరు. తిర్సా అయితే ఇరుగుపొరుగు వాళ్ళ కోళ్ళు కూడా తనే మోసుకొచ్చేది. ఎందుకమ్మా నీకీ శ్రమ అంటే, సాయం చేస్తే తప్పా అనేది. వచ్చిన ప్రతిసారీ ఆమె దగ్గర ఓ ప్రశ్న సిద్ధంగా ఉండేది.

“అలా గోటి మీద ఎందుకు నడిపిస్తావ్ కత్తిని?”

“కంటికి కనపడని గంటు గోటికి తెలుస్తుంది. గంటున్న కత్తితో కోస్తే ఆ మాంసం మనం తినకూడదు.”

“మరి కోశాక మళ్ళీ చూస్తావెందుకు?”

“కోసేటప్పుడు గంటు పడలేదని నమ్మకమేంటి?”

“పడితే?”

“కోడి కుక్కలపాలు. ఇక నోరు మూసుకుంటావా తల్లీ? నేను దేవుడి పేరు తలుచుకోవాలి.”

దీవెన చదివాడు. ఒక్క కదలికలో పనైపోయింది. రక్తాన్ని మట్టితో కప్పడం ఆచారం. తిర్సా అప్పటికే గుప్పెడు మట్టి తీసుకుని సిద్ధంగా నిలబడింది.

“ఆగు. ఇంకా వెయ్యకు.”

ఎలియాబు కత్తిని గోటి మీద నడిపించాడు. నడుమ ఆగాడు. మళ్ళీ నడిపించాడు. అతని మొహం పాలిపోయింది.

“తిర్సా, ఈ కోడి పనికిరాదు.”

తిర్సా నోరు వెళ్ళబెట్టింది. “ఇవాళేనా? ఆయనొచ్చే రోజే పడిందా నీ గంటు?”

“వినేవాళ్ళకి ఎలా ఉంటుందో నాకూ తెలుసు. కానీ గంటుంది.”

“ఏదీ, ఇలా తే!”

లాక్కుని తన గోటి మీద నడిపించి చూసింది. ఏమీ తగల్లేదు. “నున్నగా ఉంది కదయ్యా!”

“నీ గోటికి అలవాటు లేదు,” అంటూ కత్తి వెనక్కి తీసుకున్నాడు.

చచ్చిన కోడితో కొండ దిగుతుంటే తిర్సాకి లోలోపల గిలిగింతలు పెట్టినట్టయింది. తనకోసమే అబద్ధమాడాడు! సగం దారి దిగాక ఆ సంతోషం కాస్తా ఆవిరైపోయింది. కత్తి విషయంలోనే అబద్ధమాడేవాడు రేపు ఇంకెందులో ఆడడు? అలాంటివాడితో కాపురమేంటి? పోనీ చెప్పింది నిజమే అనుకుంటే, ఇందులో తనమీద ఇష్టం ఊసే లేదు. అబద్ధమైతే మనిషి పోయాడు, నిజమైతే ప్రేమ పోయింది. ఏది నిజమో తెలుసుకోకపోతే ఆమెకి నిద్రపట్టేలా లేదు.

చిన్నప్పట్నుంచి తిర్సాను పెంచిన మేనత్త జిల్పా ఒంటికాలి మీద లేచింది. తడిసిన బట్టలైనా పిండుకోకుండా నేరుగా రబ్బీ దగ్గరికి వెళ్ళింది.

“ఆ కుర్రాడికి మా పిల్ల మీద కన్నుంది. సంబంధం చెడగొట్టడానికే ఈ నాటకం!”

రబ్బీ ఎలియాబుని పిలిపించి, ఆకాశం వంక చూశాడు. పొద్దు వాలిపోతోంది. విశ్రాంతి దినమైన సబ్బాతు నాడు కత్తి ముట్టకూడదు. దాన్ని గుడ్డలో చుట్టించి తన బీరువాలో పెట్టించాడు.

“రేపు చుక్కలు పొడిచాక నేనే గోటి మీద చూస్తాను. గంటు లేదా, ఈ కత్తి మళ్ళీ నీ చేతికి రాదు ఎలియాబూ.”

ఎలియాబు తలూపాడు.

ఆ రాత్రి గమలీయేలు అరటికాయ ముద్దా చిక్కుడుగింజల కూరా ఆవురావురుమని తిన్నాడు. సరదా మనిషి, కంపాలాలో ఫోన్ల దుకాణం. తెల్లారి సినగాగ్‌లో అందరూ గొంతెత్తి కీర్తనలు పాడుతుంటే, ఎలియాబు వెనక వరసలో ఒంటరిగా కూర్చున్నాడు. అతని పక్కన కూర్చోవడానికి ఎవరూ ముందుకు రాలేదు. తిర్సా పదేపదే ఆ ఖాళీ బెంచీ వైపు తిరిగి చూసింది. మధ్యాహ్నం ధర్మగ్రంథమైన తోరా పాఠంలో ఎప్పుడూ రబ్బీతో వాదనకి దిగేవాడు, ఆ రోజు పుస్తకం కూడా తెరవలేదు.

“ఏమండీ, తోరా ముందుంది కదా,” అన్నాడు గమలీయేలు మెల్లగా. “మీరు పొద్దుట్నుంచీ వెనక్కే చూస్తున్నారు. అక్కడేముంది?”

తిర్సా చెవులు వేడెక్కాయి.

చుక్కలు పొడిచాయి. సబ్బాతుకి వీడ్కోలు చెప్పే జడలా అల్లిన కొవ్వొత్తిని వెలిగించి, ఆర్పారు. రబ్బీ బీరువా తెరిచి కత్తి తీశాడు. జనమంతా మూగారు. కత్తి గోటి మీద నెమ్మదిగా కదిలింది. నడుమ ఆగింది.

“ఉంది. ఆవగింజకన్నా చిన్నదే కానీ, ఉంది.”

అందరూ ఊపిరి వదిలారు. మనిషి దక్కాడు, అనుకుంది తిర్సా. ఇక ప్రేమ లేదనే తేలినట్టు. ఆమెకి ఏడుపు తన్నుకొచ్చింది.

“తప్పయిపోయింది నాయనా,” అంది జిల్పా మొహం చిన్నబుచ్చుకుని. “నీకు మా పిల్ల మీద కన్నుందని నోరు జారాను.”

“అదీ నిజమేనండీ.”

మూగిన జనమంతా అతనివైపు తిరిగారు.

“గంటు ఉన్నదీ నిజం, నాకు తిర్సా అంటే ఇష్టమన్నదీ నిజం.” ఎలియాబు రబ్బీ వైపు తిరిగాడు. “గంటు తగలగానే ముందు నాకు సంతోషమేసింది రబ్బీ. ఆ తర్వాతే భయమేసింది. అందుకని ఇకపై వాళ్ళింటి కోళ్ళు నేను కొయ్యను. మనసులో ఆశ పెట్టుకున్నవాడి మాట మీద ఎవరూ తినకూడదు.”

“బాగుంది వరస! మరి మా ఇంట్లో మాంసం మాటేంటి?” అంది జిల్పా.

వచ్చిన దగ్గర్నుంచి ఆమెని అత్తయ్యా అత్తయ్యా అని పిలుస్తున్న గమలీయేలు పకపకా నవ్వాడు. “పొద్దున్నే నా బస్సు నేనెక్కేస్తాను, పిన్నిగారూ. మీరు మీరు తేల్చుకోండి.”

తిర్సా కళ్ళు తుడుచుకుంది.

“రబ్బీ, నాకో సందేహం. కొయ్యడం నేర్చుకున్నవాడు సొంతింటి కోడిని తనే కోసుకుని తినొచ్చా?”

“తినొచ్చు.”

“మనసులో ఆశ ఉన్నా?”

“సొంతింటి మీద ఆశ లేకపోతే ఎలాగమ్మా?” అన్నాడు రబ్బీ, గడ్డం చాటున నవ్వు దాచుకుంటూ.

తిర్సా మేనత్త వైపు తిరిగింది. “అయితే అత్తా, ఇతన్నే మన ఇంటివాణ్ణి చేసేసుకుంటే సరిపోతుంది కదా?”

ఎలియాబు ఉన్నచోటే నిలబడిపోయాడు. జిల్పా అతన్ని తలనుంచి పాదాల దాకా ఓసారి ఎగాదిగా చూసింది.

“ఏంటలా నిలబడ్డావ్? కాళ్ళు కడుక్కుని భోజనానికి రా. అల్లుడికి మొదటి రోజే చిక్కుడుగింజలు పెట్టానని రేపు నన్ను దెప్పొద్దు సుమా! కోడిని చెడగొట్టింది నువ్వే.”