మా ఆవిడ చెవి మిషన్

చెవిటివాళ్ళంటే నాకు మొదట్నుంచీ చిరాకు. మా ఆవిడంటే మరీను. నేను రిటైరయ్యాక రోజూ ఒంటిగంటకి అన్నం ముందు కూర్చుని, ఒక్కో మాట మూడేసి సార్లు అరవాల్సిన ఖర్మ పట్టింది. చెవికి మిషన్ కొనిపెట్టినా అంతే, మొద్దులా చూసేది. పైగా చెవిలో గుయ్‌మని ఒకటే మోతట. "లోపలేమీ లేకపోతే అలాగే మోగుతుందిలే" అనేవాణ్ణి. ఆఫీసులో నేను గొంతు పెంచితే ఫైళ్ళు వాటంతటవే నడిచేవి. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా కదిలేది కాదు.

ఆవిడ పోయి ఆరు నెలలైంది. నెల తిరిగేసరికి ఆ మోత నన్ను పట్టుకుంది. కునుకు లేదు, తిండి సయించదు. మిషన్ పెట్టుకుంటే తగ్గుతుందంది మిషన్లమ్మ. అదే, చెవి మిషన్లు బిగించే మనిషి. డాక్టరు కాదు గానీ ఆ దర్జా చూడాలి. నా చెవికి కొలతలు తీస్తుందట! చెవికి కొలతలేమిటి, చొక్కానా? నిన్న మధ్యాహ్నం సొరుగులోంచి మా ఆవిడ మిషనే తీసి, కొత్త సెల్ వేసి, భోజనాల బల్ల దగ్గర చెవిలో దోపుకున్నాను. ఆవిడ తలనూనె వాసన దానికింకా అంటుకునే ఉంది.

గడియారం ఒంటిగంట కొట్టింది. మోత ఠక్కున ఆగిపోయింది.

ప్రాణం లేచొచ్చింది. ఫ్యాను చప్పుడు, వీధిలో సైకిలు బెల్లు, అన్నీ శుభ్రంగా వినిపిస్తున్నాయి. ఆ తర్వాత... వంటింట్లో కుళాయి తిప్పిన చప్పుడు.

వెళ్ళి చూశాను. ఎవరూ లేరు. సింకు పొడిగా ఉంది. వెనక్కి తిరగబోతుంటే...

"ఏయ్, చెవిటి మాలోకం!"

భోజనాల బల్ల దగ్గర్నుంచి. నా గొంతే.

"చచ్చావా లోపల? నీళ్ళు!"

నేను వంటింట్లో ఉన్నాను. నోరు మూసుకునే ఉన్నాను. చెవులు మూసుకుంటే ఇంకా పెరిగింది. ఎన్నేళ్ళనాటి మాటలో... ఒక్కొక్కటే... మా అమ్మాయి పెళ్ళిలో అందరి ముందూ నేనన్నది కూడా. వినలేకపోయాను. రెండు కొట్టేదాకా మిషన్ ఊడిరాలేదు. ఊడగానే మోత మళ్ళీ మొదలైంది. మొదటిసారి అది హాయిగా అనిపించింది.

ఇవాళ పదకొండింటికి వెళ్తే మిషన్లమ్మ గంటా ముప్పావు బయట కూర్చోబెట్టింది.

"చెడిపోయింది. పిచ్చి కూతలు కూస్తోంది" అని బల్ల మీద పడేశాను.

కంప్యూటరుకి తగిలించి చూసింది. "బాగానే ఉందండీ. ఏ గంటకి సౌండ్ ఎంత పెట్టారో ఇందులో ఉంటుంది. అమ్మగారు రోజంతా పెట్టుకునేవారు. ఒంటిగంట నుంచి రెండు దాకా మాత్రం... రోజూ పూర్తిగా కట్టేసేవారు."

నా భోజనం వేళ. నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ వినపడక కాదన్నమాట! ఎంత పొగరు!

"తర్వాత ఆరు నెలలు ఖాళీ. నిన్న ఒంటిగంటకి..." తెరకి దగ్గరగా వంగింది. "ఫుల్లు పెట్టేశారేంటండీ? బటన్ పదకొండుసార్లు నొక్కారు."

"దానికి బటన్ ఉందని నాకిప్పుడే తెలిసింది."

ఆమె వైరు పీకేసింది. సెల్ కూడా తీసి పక్కన పెట్టింది. పీడ వదిలిందనుకుని గోడ గడియారం వైపు చూశాను. ఒంటిగంటకి ఒక్క నిమిషం.

మిషన్ బల్ల మీదే ఉంది. నా చెవుల్లో ఏమీ లేదు.

ముల్లు కదిలింది.

గుయ్‌మనే మోత... ఆగిపోయింది.