పదకొండూ ముప్పై అయిదు తర్వాత

ఇరవై మూడు దరఖాస్తులు మాయమయ్యాయి.

2006, జూన్ 2. ఉదయం తొమ్మిదిన్నర. తిరువూరు పోలీస్ స్టేషన్ ముందు తల్లులు ఎండలో నిలబడి ఉన్నారు. నర్సింగ్ స్కూలు ఎంపిక జాబితాలో తమ కూతుళ్ల పేర్లు లేవు. అంతవరకే అయితే ఏడ్చి ఊరుకునేవారు. కాని ఆ దరఖాస్తులు తమకు అసలు అందనే లేదని హైదరాబాదులోని హెడ్డాఫీసు చెప్పింది. అందినట్టు స్లిప్పులు మాత్రం వాళ్ల చేతుల్లోనే ఉన్నాయి.

ఫిర్యాదు ఇచ్చినవాడు ఆ స్కూలు తిరువూరు కార్యాలయం మేనేజర్ పరబ్రహ్మం. అనుమానితురాలు ఆపరేటర్ గ్లోరి. సాయంత్రం నాలుగింటికి ఆమెను కోర్టులో హాజరు పరచాలి.

ఎస్సై రామనాథ్ ఆమె ఎదుట కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఎవరి కోసం తీసేశావమ్మా?"

"తీసెయ్యలేదు సార్. వివరాలు కొట్టా, సబ్‌మిట్ నొక్కా. 'స్వీకరించబడింది' అని వచ్చింది. స్లిప్పు ప్రింటు తీసి ఇచ్చా."

"మరి ఆవిరైపోయాయా?"

"నాకు తెలిస్తే నిన్నట్నుంచి ఈ బెంచీ మీద ఎందుకు కూర్చుంటా సార్?"

పోయిన పేర్లన్నీ ఎ.కొండూరు వైపు కూలి కుటుంబాలవి. తిరువూరు ఊళ్లో అమ్మాయిల దరఖాస్తు ఒక్కటీ పోలేదు. పల్లెటూరి పిల్లలను ఏరి తీసేసిందని పరబ్రహ్మం వాదన. రామనాథ్ దాన్ని నమ్మాడు. నమ్మాడు కనుకనే నిన్న ఆమెను ఇంటికి పంపలేదు.

అయినా అలవాటు కొద్దీ ఆ స్లిప్పులన్నీ తెప్పించి బల్ల మీద వరుసగా పరిచాడు. ప్రతి స్లిప్పు అడుగున తేదీ, సమయం. 11.37. 11.44. 11.41. 11.52. తేదీలు వేరు. సమయాలన్నీ పదకొండూ ముప్పై అయిదుకూ పన్నెండుకూ నడుమనే.

"మీరంతా ఎన్నింటికి వచ్చారమ్మా ఆఫీసుకి?" తల్లుల ముందు వరుసలో ఉన్న జోజమ్మను అడిగాడు.

"మా బస్సు దిగేదే పదకొండు దాటాక సార్. ఎవరం వచ్చినా అప్పుడే."

అంటే ఏరినది మనిషి కాదు. గడియారం.

హెడ్డాఫీసుకు చేరినవాటి జాబితా తిరగేశాడు. అదే అరగంటలో ఇచ్చినవి మూడు చేరాయి. మూడూ మే తొమ్మిదిన ఇచ్చినవే. ఆ ఒక్క రోజు ఏమిటి విశేషం? కానిస్టేబుల్ డ్యూటీ పుస్తకం తెరిచాడు. మే తొమ్మిదిన మంత్రి పర్యటన, బందోబస్తు. ఆ రోజు తిరువూరులో కరెంటు కోత లేదు.

వేసవి అంతా కోత పన్నెండు నుంచి రెండు దాకా.

పదకొండుంబావుకు రామనాథ్ స్కూలు ఆఫీసులో ఉన్నాడు. వెంట గ్లోరి, జోజమ్మ. పరబ్రహ్మం ముఖం చిట్లించుకుని నిలబడ్డాడు. ప్రోగ్రాం తయారుచేసిన గురుచరణ్ అప్పుడే విజయవాడ నుంచి వచ్చాడు. అటెండర్ యోసేపు సర్వర్ గది తలుపు పక్కన నిలబడ్డాడు.

"యోసేపూ, కోతకి ముందు ఏం చేస్తావు?"

"సర్వర్ ఆపుతానండి. పన్నెండుకి అయిదు నిమిషాల ముందు. పోయినేడు కరెంటు పోయి డిస్కు పాడైంది. అప్పట్నుంచి మేనేజరుగారు చెప్పినట్టు పద్ధతిగా ఆపుతున్నా. ఒక్కరోజు మరిచిపోలేదండి."

"మే తొమ్మిదిన?"

"ఆ రోజు కోత లేదుగా. ఆపలేదు."

గ్లోరి చేత మూడు ఉత్తుత్తి దరఖాస్తులు కొట్టించాడు. 11.40. 11.43. 11.46. మూడింటికీ 'స్వీకరించబడింది' అని వచ్చింది. మూడు స్లిప్పులూ వచ్చాయి. 11.55కు యోసేపు ఎప్పటిలాగే సర్వర్ ఆపాడు.

రామనాథ్ హెడ్డాఫీసుకు ఫోను చేశాడు. రెండే అందాయి.

గురుచరణ్ మూడో స్లిప్పు మీది సమయం చూసుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు రామనాథ్ అతనితో.

"ఒక్కోటి హైదరాబాద్ పంపడానికి ఏడు నిమిషాలు పడుతుంది సార్, ఈ ఫోను లైను మీద. ముందు ఆ ఏడు నిమిషాలూ స్క్రీను ఆగిపోయేది. మార్చిలో మార్చాను. సబ్‌మిట్ నొక్కగానే స్లిప్పు వచ్చేస్తుంది. పంపే పని వెనకాల, బ్యాక్‌గ్రౌండ్‌లో, ఒకదాని తర్వాత ఒకటి జరుగుతుంది."

"వంతు రానివి ఎక్కడుంటాయి?"

"మెమరీలో."

"సర్వర్ ఆపితే?"

"పోతాయి సార్. ఇవాళ ముందు ఏవీ లేవు కనుక రెండు వెళ్లాయి, మామూలుగా అప్పటికే చాలా పోగుపడి ఉంటాయి."

"పద్ధతిగా ఆపినా?"

"తనకి తెలిసిన పనులు పూర్తయ్యేదాకా సర్వర్ ఆగుతుంది. ఇవి దానికి తెలియవు. మొత్తం అప్లికేషన్‌ని ఒకే ప్యాకేజీగా కట్టి ఆ సర్వర్లో పెట్టాను. ఈ థ్రెడ్లని, అంటే వెనకాల పంపే పనుల్ని, ఆ ప్యాకేజీయే సొంతంగా మొదలుపెట్టింది. సర్వర్ లెక్కలో అవి లేనే లేవు."

"అందకముందే అందిందని ఎందుకు రాశావు?"

"క్యూలోకి అందిందనే సార్... ఆపితే పోతాయని మాన్యువల్లో రాశాను. ముప్పై నాలుగో పేజీ."

పరబ్రహ్మం బీరువాలో మాన్యువల్ దొరికింది. ప్లాస్టిక్ కవరు విప్పనేలేదు.

"ఇంగ్లీషులో అంత లావు పుస్తకం ఎవడు చదువుతాడండీ?" అన్నాడు పరబ్రహ్మం. వెంటనే గొంతు తగ్గించాడు. "ఎస్సైగారూ, ఇదంతా రాస్తే స్కూలు పేరు పోతుంది. ఆపరేటర్ పొరపాటని ఒక్క ముక్క రాసేస్తే అందరికీ..."

"అందరికీ అంటే ఈవిడక్కూడానా?"

పరబ్రహ్మం మాన్యువల్‌ను తిరిగి బీరువాలో పెట్టేశాడు.

"స్క్రీను ఆగిపోతోందని మార్చిలో ఫిర్యాదు చేసిందెవరు?" రామనాథ్ గురుచరణ్‌ను అడిగాడు.

గురుచరణ్ గ్లోరి వైపు చూశాడు. జవాబు గ్లోరి చెప్పింది.

"నేనే సార్. బస్సు దిగొచ్చినవాళ్లు వరండాలో నిలబడుతున్నారు. ఒక్కొక్కరికీ అంతసేపు పడితే చివరోళ్లు సొమ్మసిల్లుతున్నారు. తొందరగా పంపేసేటట్టు చెయ్యమని నేనే ఈ బాబుని బతిమాలా."

రామనాథ్ మనసులో వరుస పేర్చుకున్నాడు. ఆమె జాలిపడింది. ఇతడు మాట విన్నాడు. యోసేపు ఒక్కరోజూ మరిచిపోలేదు. పుస్తకం విప్పనివాడు ఒక్కడే ఫిర్యాదు రాశాడు. ఆ ఫిర్యాదు చదివి తాను ఆమెను రాత్రంతా స్టేషన్‌లో కూర్చోబెట్టాడు.

"నువ్వు ఇంటికెళ్లమ్మా. కేసు లేదు," అన్నాడు.

"సోమవారం నుంచి రామ్మా, ఏం జరగనట్టే అనుకో," అన్నాడు పరబ్రహ్మం.

"రానండి," అంది గ్లోరి. "ఇక ఆ 'స్వీకరించబడింది' అన్న మాట స్క్రీను మీద చూసి ఎవరి చేతికీ కాగితం ఇవ్వలేను."

రామనాథ్ మళ్లీ హైదరాబాదుకు ఫోను చేశాడు. ఈసారి ప్రిన్సిపాల్‌తో మాట్లాడాడు. సీట్లు నిండాయి. సోమవారం క్లాసులు. సానుభూతి చూపగలమే తప్ప సీటు ఇవ్వలేమన్నారు.

బయట మెట్ల మీద జోజమ్మ ఆగింది.

"మా అమ్మాయి సలోమి నిన్నే రెడ్డిగూడెం మామిడికాయల గ్రేడింగు కూలికి పోయింది సార్. సీటు సంగతి తేలాక పిలిపిస్తానని చెప్పా."

రామనాథ్ తల అడ్డంగా ఊపాడు.

"అయితే ఎవరూ దొంగతనం చెయ్యలేదన్నమాట."

"లేదమ్మా."

"దొంగయితే బాగుండేది సార్," అంది జోజమ్మ. "పట్టుకుని తిరిగి ఇప్పించేవాళ్లు."