ఘాట్ దిగుడులో న్యూట్రల్

ప్రొద్దుటూరు ఎండ గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. ఇక్కడ వేసవిలో కోడి పెట్టే గుడ్డు ఉడికే బయటికి వస్తుంది. ఒలుచుకుని ఉప్పు చల్లుకోవడమే తరువాయి. అలాంటి ఎండలో, జమ్మలమడుగు రోడ్డు మీద, ఎదురెదురుగా రెండు కార్ల షోరూములు. ఒకదాంట్లో నయీం చిన్న ఎలక్ట్రిక్ కార్లు అమ్ముతాడు. రెండోదాంట్లో జువేరియా హైబ్రిడ్ సెడాన్లు అమ్ముతుంది. మధ్యలో రోడ్డు. ఆ రోడ్డు మీద గొడుగు పట్టుకుని, ఎటు పోవాలో తేలక, గుడ్డల వ్యాపారి లక్ష్మీనరసయ్య.

"ఇట్ల రాండి శెట్టిగారూ!" అని నయీం కేకేశాడు. "రాత్రి ఇంట్లో ప్లగ్గు పెట్టుకుంటే చాలు. ఇంగ పెట్రోలు బంకు మొహం చూసే పనే లేదు."

"దారిలో చార్జి అయిపోతే ఎవురింట్లో ప్లగ్గు అడుక్కుంటారో అడగండి శెట్టిగారూ!" అవతలి గుమ్మంలో జువేరియా. "మా బండికి ప్లగ్గే అక్కర్లే. పెట్రోలు తాగి, కరెంటు తానే పుట్టించుకుంటాది."

"ఆ బండి ధరకు మావి రెండొస్తాయి!"

"రెండొచ్చినా డబ్బాలే గదా!"

లక్ష్మీనరసయ్య ఇక్కడ టీ తాగాడు. అక్కడ బాదంపాలు తాగాడు. "పెద్ద బ్యాటరీ బండి ఒకటి హైదరాబాదులో చూసినాలేప్పా. అది ఎంత దూరమైనా పోతాదంట. ధర వినేసరికి నాకే చార్జింగు దిగిపాయె," అని చెప్పి, ఏదీ కొనకుండా ఇంటికి నడిచాడు.

నయీం విసవిసా రోడ్డు దాటాడు. "ఏందమ్మా, మా బండిని డబ్బా అంటాండావు?"

"డబ్బాను డబ్బా అనక పల్లకీ అంటారా?"

"ఒక్కసారి ఎక్కి చూడు, తెలుస్తాది."

"మోకాళ్ళు గడ్డానికి తగుల్తాయి. ఎక్కను."

అనేసి నవ్వింది. ఆ నవ్వుకు నయీం జేబులోని ఫోను చార్జరు లేకుండానే నిండిపోయిందని షోరూములో వాళ్ళు చెప్పుకుంటారు. నమ్మినా నమ్మకున్నా ఖర్చేమీ లేదు. అతను తిరిగి రోడ్డు దాటుతూ లారీ హారన్ వినలేదన్నది మాత్రం నిజం.

డబ్బా అన్న నోరే వారం తిరక్కుండా రోడ్డు దాటి వచ్చింది. వెంట ఆమె తండ్రి అబ్దుల్ వాహిద్. జీపు తోలుతూ పెరిగి, కువైట్‌లో ఒక షేకు ఇంటి కార్లు జుట్టు నెరిసేదాకా తోలి, ఈ మధ్యనే జమ్మలమడుగు చేరిన మనిషి.

"ఏందమ్మా, మీ సెడాను ఇరుకైపోయిందా?" అన్నాడు నయీం.

జువేరియా నవ్వలేదు. "మా అమ్మకు కిడ్నీలు పోయినాయి. డయాలసిస్‌కు పులివెందులకు పోవల్ల, వారానికి మూడు తూర్లు. బస్సులో కూర్చోలేకుండాది. నేనమ్మే బండి నేను కొనలేను. మీదే చూపియ్యి."

నయీం నోట్లోని వేళాకోళం నోట్లోనే ఎండిపోయింది.

"పులివెందులకు పోయి రావచ్చునా?" అని వాహిద్ అడిగాడు.

"పోయి రావచ్చు చాచా. ఇంకా మిగుల్తాది."

బండి ఇచ్చే రోజు వాహిద్ భార్య దిల్షాద్‌బీ కూడా వచ్చింది. సన్నగా, వాడిన తమలపాకులా ఉంది. సీటులో కూర్చుని, "చప్పుడే లేదే! ఇది నడుస్తాందా, నిద్రపోతాందా?" అంది. జువేరియా పక్కున నవ్వింది. బండి ఇచ్చేటప్పుడు కొనేవాళ్ళకు అన్నీ వివరించి చెప్పడం నయీం పని. దిగుడులో బండి తనంతట తానే కొంత చార్జి వెనక్కి తెచ్చుకుంటుందని, అందుకే దిగేటప్పుడు గేరు తీసి న్యూట్రల్ వేయకూడదని చెప్పాలి. ఆ నవ్వు చూస్తూ ఆ ఒక్కటి మరిచిపోయాడు.

తర్వాత కొన్నాళ్ళు బాగానే గడిచాయి. డయాలసిస్ మరునాడు పొద్దున షోరూము తెరవగానే అవతలి నుంచి, "మీ డబ్బా నిన్న కూడా ఇల్లు చేరిందిలే!" అని కేక వినిపించేది. ఆ కేక వింటే గాని నయీంకు టీ దిగేది కాదు.

నడి మేలో ఒక రోజు ఆ కేక వినిపించలేదు.

పులివెందుల నుంచి వస్తూ, ముద్దనూరు ఘాట్ దిగి, జమ్మలమడుగు ఇంకాస్త దూరం ఉందనగా బండి నిలిచిపోయింది. డయాలసిస్ అయి వస్తున్న మనిషి. నీడ లేని రోడ్డు. ఏసీ ఆగిపోయింది. వాహిద్ రోడ్డు మీదికి పరిగెత్తి, చేతులెత్తి ఒక ఆటో ఆపి తెచ్చేసరికి దిల్షాద్‌బీ తల కిటికీ మీదికి వాలి ఉంది. అటు ఇంటికీ చేరలేదు, ఇటు ఆస్పత్రికీ చేరలేదు.

ఆమెను మట్టి చేసినాక నయీం వాళ్ళ ఇంటికి వెళ్ళాడు. జువేరియా గుమ్మంలోనే ఆపింది.

"పోయి రావచ్చు అంటివి గదా," అంది, గొంతు పెంచకుండా. "ఇంకా మిగుల్తాది అంటివి గదా. ఏం మిగిలింది?"

లోపలి నుంచి వాహిద్ వచ్చి నయీం చెయ్యి పట్టుకుని ఈడ్చాడు. "రా. కూర్చో బండిలో. నీ కండ్లతో నువ్వే చూడు, ఎట్ల తాగుతాదో చార్జి!"

ఇద్దరూ ముద్దనూరు దాకా పోయి వెనక్కి తిరిగారు. ఘాట్ పైన దిగుడు మొదలుకాగానే వాహిద్ ఎడమ చెయ్యి గేరు మీదికి పోయింది. టక్కున న్యూట్రల్. బండి జారుతోంది.

"చూసినావా, ఇట్ల వదిలేస్తా. జీపు తోలేటప్పుడే నేర్చుకున్యా. యాడ దిగుడొచ్చినా న్యూట్రలే. ఒక్క చుక్క వృథా చెయ్యను. అయినా చాలలేదంటే, ఇది బండి తప్పా, నా తప్పా?"

నయీం చూపు చార్జి అంకె మీదే ఉంది. ఎక్కాల్సిన అంకె ఎక్కడం లేదు. డీజిల్ బండిలో నూనె మిగిల్చే ఆ విద్య, ఈ బండిలో ఊరికే వచ్చే చార్జిని వదిలేయడం. వచ్చిన ప్రతిసారీ ఈ ఘాట్‌లో, దారిలో ప్రతి దిగుడులో, వాహిద్ తన చేత్తో పారబోస్తూ వచ్చాడు. అది మిగిలి ఉంటే ఆ రోజు ఇల్లు చేరేవాళ్ళు.

"ఆ పొద్దు దిల్షాద్‌బీ అడిగింది," అన్నాడు వాహిద్. "చార్జి తక్కువుంటే ఏసీ ఆపేయమనింది. నేనే వద్దంటి. నేను తోల్తాండా గదా, నీకెందుకు భయమంటి."

ఒక్క మాట చెప్తే నయీం బయటపడతాడు. జువేరియా ముఖం మళ్ళీ చూడగలుగుతాడు. ఆ మాట విన్న వాహిద్ మాత్రం భార్యను తన ఎడమ చేత్తో పోగొట్టుకున్నవాడవుతాడు.

"తప్పు బండిదే చాచా," అన్నాడు నయీం. "నాది గూడా."

నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనలు అయిన మరునాడు ప్రొద్దుటూరులో తొలివాన పడింది. ఆకాశానికి ఇన్నాళ్ళకు ఊరు గుర్తొచ్చినట్టు ఒక్కసారే కుమ్మరించింది. ఆ వానలో గొడుగు లేకుండా జువేరియా రోడ్డు దాటి వచ్చింది. నయీం లేచి నిలబడ్డాడు.

"మొన్న మా నాయనతో బండిలో పోయినా," అంది. "దిగుడులో న్యూట్రల్ వేసినాడు. మా హైబ్రిడ్ గూడా దిగుడులోనే బ్యాటరీ నింపుకుంటాది. నాకు తెలీదనుకున్యావా?"

నయీం కుర్చీ జరిపాడు. ఆమె కూర్చోలేదు.

"నువ్వు చూసినావు గదా? ఆ పొద్దే చూసినావు. నేను అన్ని మాటలంటి గదా, చూసి వచ్చినాక గూడా ఎందుకు నోరు మూసుకున్యావు?"

"చెప్తే నువ్వు నన్ను తిట్టడం మానేస్తావు. ఆయన తనను తాను తిట్టుకోడం మానడు," అన్నాడు నయీం. "నా తప్పు గూడా ఉండాది. బండి ఇచ్చిన పొద్దు చెప్పాల్సింది మరిచిపోతి."

"ఎట్ల మరిచిపోతివి?"

"నువ్వు నవ్వినావు."

ఆమె ముఖం మీద ఏది వానో ఏది కాదో తెలియలేదు. చేత్తో తుడుచుకుంటూ అంది: "ఇంగ నవ్వుతానో లేదో నాకే తెలీదు."

"నవ్వకపోయినా రోడ్డు దాటి వస్తా ఉండు. చాలు."

"మా నాయన ఇప్పుడు వేరే రోగుల్ని తీసకపోతాండాడు. ఆయన చెయ్యి ఆపల్ల. ఎందుకాపాల్నో ఆయనకు తెలియగూడదు."

మరునాడు నయీం జమ్మలమడుగు పోయాడు. బానెట్ ఎత్తాడు. అద్దం తుడిచే నీళ్ళ డబ్బాలో చెంబెడు నీళ్ళు పోశాడు. బానెట్ దించాడు. "బండిలో లోపముండె చాచా. కొత్త పార్టు వేసినా. ఇంగ దిగుడులో న్యూట్రల్ వేయద్దు, పార్టు కాలిపోతాది," అన్నాడు.

వాహిద్ అతని చెంప ఛెళ్ళుమనిపించాడు. నయీం దాన్ని కూడా తీసుకున్నాడు.

లోపముందని అమ్మినవాడే ఒప్పుకున్నాడన్న మాట జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరుకు బస్సు కంటే ముందు చేరింది. లక్ష్మీనరసయ్య ఆ సాయంత్రమే జువేరియా దగ్గర హైబ్రిడ్ కొన్నాడు. నయీంను యజమాని రేపటి నుంచి రావద్దన్నాడు.

ఆదివారం వాహిద్ ఫోను చేశాడు. "యాడుండావు? రా. నీ కొత్త పార్టు ఎట్ల పనిచేస్తాదో చూద్దువు." రోగిని పులివెందుల ఆస్పత్రిలో చేర్చి ముగ్గురూ తిరిగి వస్తున్నారు. నయీం ముందు సీటులో, జువేరియా వెనక.

"ఉద్యోగం ఎందుకు తీసేసిరి?" అన్నాడు వాహిద్.

"బండిలో లోపముందని చెప్పినందుకు చాచా."

ఘాట్ పైన దిగుడు వచ్చింది. వాహిద్ ఎడమ చెయ్యి అలవాటుగా గేరు మీదికి పోయి, ఆగి, వెనక్కి వచ్చింది. బండి దిగుతోంది. చార్జి అంకె ఒకటి ఎక్కింది. మలుపు తిరిగింది. ఇంకొకటి ఎక్కింది.

వాహిద్ దాన్నే చూస్తున్నాడు.

"ఇది," అన్నాడు, "ముందు నుంచీ ఇట్లనే ఎక్కేదా?"

వెనక జువేరియా ముందుకు వంగింది.

"లేదు చాచా," అన్నాడు నయీం. "కొత్త పార్టు వేసినాకనే."

ఘాట్ కింద, ఆ రోజు బండి నిలిచిపోయిన చోట, వాహిద్ బండి ఆపాడు. దిగి, ఇద్దరికీ వీపు పెట్టి రోడ్డు పక్కన నిలబడ్డాడు. లారీలు పోయాయి, బస్సు పోయింది. ఆయన భుజాలు కదులుతూనే ఉన్నాయి. జువేరియా తలుపు మీద చెయ్యి వేసింది. నయీం తల అడ్డంగా ఊపాడు. ఆమె చెయ్యి తీసి అతని భుజం మీద పెట్టి, అక్కడే ఉంచింది.

వాహిద్ తిరిగి వచ్చి కూర్చున్నాడు. ఆ చెయ్యిని చూశాడు. చూడనట్టు అద్దం సరిచేసుకున్నాడు.

"మీ అమ్మానాయనను మా ఇంటికి పంపియ్యి," అన్నాడు నయీంతో. "పిల్లనడిగేదానికి."

"చాచా..."

"ఒక్కటే మాట. ఆ కొత్త పార్టు సంగతి ఇంగెప్పుడూ నా ముందర ఎత్తద్దు."