ఓబిలేసును లేపు

మా ముదిగుబ్బ పక్క చేలల్లో ఇప్పుడు మోటారుకు కూడా సెల్లు నెంబరు ఉంటాది. తెలియనోళ్ళకు చెప్తాండా, ఇనండి. బోరు కాడ స్టార్టరు డబ్బాలో ఒక సిమ్ము పెడతారు. ఇంట్లో మంచం మీద కూచోని ఆ నెంబరుకు ఫోన్ చేసి ఒకటి నొక్కితే మోటారు తిరుగుతాది, రెండు నొక్కితే ఆగుతాది. కరెంటు వస్తే ఆ డబ్బానే మనకు ఫోన్ చేస్తాది. ఎవరో ఆడమనిషి గొంతు, "మోటారు ఆన్ అయింది" అని చదువుతాది. చీకట్లో చేనికి పోయే పని లేదు, పాము భయం లేదు, షాకు భయం లేదు. మంచి సామానే. నేను కాదనను.

మేము చెడింది ఆ సిమ్ము కాడ.

మా మరిది ఓబిలేసు పోయిన ఏడు ఆ బోరు కాడే పోయినాడు. అప్పుడు చేత్తో తిప్పే డబ్బా ఉండె. వాన పడి మోటారు ఆగితే, తడి చెయ్యి పెట్టినాడు. నేను చెంబు ఎత్తుకోని పరిగెత్తితే, షాకు కొట్టినోనికి నీళ్ళు ఇయ్యకూడదని ఎవరో నా చేతిలోది గుంజుకునిరి. "వదినా, నీళ్ళు" అన్నాడు. మల్ల ఒకసారి "వదినా" అన్నాడు. అంతే. ఆ గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉండాది.

ఇంకొకరు ఆ డబ్బా ముట్టుకోకూడదని మా ఇంటాయన తిప్పయ్య సెల్లు స్టార్టరు పెట్టించినాడు. బిగించడానికి వచ్చింది సెల్లు అంగడి శ్రీనివాసులు. "సిమ్ము ఒకటి కావాలన్నా" అన్నాడు. అని ఊరుకున్నా బాగుండు. "కొత్తది ఎందుకులే, ఓబిలేసుదానికి ఏడాది రీచార్జు ఉండాది కదా, అదే పెడదాం" అన్నాడు. పారేయడం చేతకాని జాతి మాది. చచ్చినోని చొక్కా కూడా ఉతికి తొడుక్కుంటాము. బీరువాలో ఉన్న సిమ్ము తెచ్చి ఇచ్చినాడు మా మామ. ఇంటాయన్ని మామా అనే పిలుస్తా నేను, మేనమామ కొడుకు కాబట్టి. ఆయన నన్ను "మ్మే" అంటాడు.

మా ఇద్దరి సెల్లుల్లో ఆ నెంబరు "ఓబిలేసు" అనే ఉండె. ఎవరమూ మార్చలేదు. ఇంక చూడండి, పొద్దున లేస్తే అదే మాట. "ఓబిలేసు లేచినాడా?" "ఓబిలేసును లేపు మ్మే, కరెంటొచ్చింది." "చాలు, ఓబిలేసును పండుకోబెట్టు." మొదట్లో ఏడుపొచ్చేది. తర్వాత నవ్వొచ్చేది. ఆ తర్వాత ఏమీ రాలేదు, నోటికి అలవాటైపోయింది.

మా అత్త నారాయణమ్మకు మాత్రం కాలేది. "బతికుండగా వాన్ని పొద్దెక్కేదాకా నిద్రపోనీలేదు. ఇప్పుడన్నా పండుకోనీండ్రా. పేరు పెట్టి దినామూ లేపుతాండారే" అనేది.

"ఊరుకోమ్మా. అది సిమ్ము" అనేవాడు మా మామ.

ఈ ఎండాకాలం బోరు ఎండింది. మా చేన్లో చీనీ కాయలు, అదే బత్తాయిలు, గోలీలంత ఉండగానే రాలబట్టినాయి. ఆకు ముట్టుకుంటే అప్పళం మాదిరి పొడి అయ్యేది. మోటారు లేపితే రోంతసేపు తిరిగి ఆగేది, "నీళ్ళు లేవు, మోటారు ఆఫ్ అయింది" అని ఆ ఆడగొంతు చెప్పేది. మా మామ మల్ల చేసేవాడు. మల్ల ఆగేది. అన్నం ముందర కూచోని కూడా అదే పని. "లేయప్పా ఓబిలేసూ... ఒక్క చెట్టన్నా తడపప్పా..." అని సెల్లుతో బతిమాలుకునేవాడు. పిచ్చి పట్టినోని మాదిరి అయిపోయినాడు. ఆ చెట్లు అన్నదమ్ములిద్దరూ పిల్లోళ్ళుగా ఉన్నప్పటి నుంచి కడవతో పోసి పెంచినవి.

ఆ పొద్దు మధ్యాన్నం నుంచి డబ్బా అసలు పలకలేదు. పొద్దు వాలినాక మా మామ స్పానరు ఎత్తుకున్నాడు.

"పోవద్దు. తెల్లారి శ్రీనివాసులును పిలుద్దాం" అన్నా.

"తెల్లారేదానికి చెట్లుండవు మ్మే. ట్రాన్స్‌ఫార్మర్ కాడ ఫీజులు తీసేసే పోతా, భయం లేదు. నేను ఫోన్ చేసేదాకా నువ్వు ముట్టుకోవద్దు."

తన బటన్ల సెల్లు జేబులో వేసుకోని పోయినాడు. నేను అరుగు మీద కూచోని చెనిక్కాయలు వొలుస్తాండా. అత్త పక్కన ఒరిగింది. గాలి లేదు. మేకలు అరవలేదు. పొద్దు గూకి ఇంటి ముందర మసక కమ్ముకుంది.

నా సెల్లు మోగింది. ఓబిలేసు.

"మోటారు ఆన్ అయింది."

అబ్బ, బాగైందిలే అనుకున్నా. అంతలోనే అనుమానం వచ్చింది. ఫీజులు తీసినాక కరెంటు యాడిది? మామకు ఫోన్ చేసినా. వేరే కాల్‌లో ఉన్నారంది. రోంతసేపు ఉండి మల్ల చేసినా. వేరే కాల్‌లోనే ఉన్నారంది. మా మామ ఫోన్‌లో రెండు మాటలకు మించి మాట్లాడే మనిషి కాదు.

మల్ల మోగింది. ఓబిలేసు. ఎత్తినా. ఆడగొంతు రాలేదు. గుటక... గుటక... ఎవరో గటగటా నీళ్ళు తాగుతాండారు. ఊపిరి తీసుకోకుండా తాగుతాండారు.

"వదినా."

నా నోరు తెరుచుకుంది. అత్త లేచి వచ్చి చెయ్యి అడ్డం పెట్టి నోరు మూసింది.

"పలకద్దు" అని గుసగుసగా అన్నాది. "మూడో పిలుపుకు గానీ పలకద్దు."

మా పక్క అందరికీ తెలిసిందే ఇది. మసకేళ ఎవరన్నా పిలిస్తే ఒకటికీ రెండుకీ పలకరు. మూడుసార్లు పిలిచేది మనిషి. చచ్చినోళ్ళు రెండుతో ఆపుతారు.

"వదినా..." అన్నాది సెల్లు. తర్వాత గుటకలు. తర్వాత ఏమీ లేదు. మూడోది రాలేదు.

అప్పుడు తట్టింది నాకు. సెల్లు వచ్చినాక మూడు పిలుపులు చూసేదెవరప్పా? రింగైతే చాలు హలో అంటాము. మా మామ అందరికన్నా ముందు. మొదటి రింగుకే "ఆ, చెప్పప్పా" అంటాడు.

చెనిక్కాయల చాట యాడ పడిందో చూడలేదు. పరిగెత్తితి.

చేని గట్టు మీద చెప్పులు తెగిపోయినాయి. చీకటి చిక్కగా ఉండాది. చీనీ చెట్లు ఎండు కొమ్మలతో చీరె పట్టి గుంజుతాండాయి. "మామా... మామా..." అని అరుస్తాండా. దేవుడా, చెట్లన్నీ తీసుకో, బోరు తీసుకో, ఆయన్ని మాత్రం ముట్టుకోవద్దు అని మొక్కుతాండా. ముందర తడిమట్టి వాసన కొట్టింది. దాని ఎనకే కాలిన వైరు వాసన. ఉగాది నుంచి నీటి చుక్క పడని చేన్లో నా కాళ్ళు బురదలో దిగబడినాయి. చీకట్లో డ్రిప్పు పైపులన్నీ బుస్సుమంటాండాయి. చెట్టు చెట్టు కిందా నీళ్ళు కారుతాండాయి.

మోటారు సద్దు మాత్రం లేదు.

డబ్బా కాడ ఎర్ర లైటు. దాని ముందర మా మామ గొంతుకూచోని ఉండాడు. ఎడమ చేత్తో సెల్లు చెవికి పెట్టుకున్నాడు. కుడి చెయ్యి మణికట్టు దాకా డబ్బా లోపల ఉండాది. జేబులోంచి ఫీజులు బయటికి కనపడతాండాయి.

"ఆ... వస్తాండాలేరా..." అంటాండాడు, చంటిపిల్లోన్ని సముదాయించినట్లు. "ఏడవద్దు... దప్పికైతే నేనుండా కదా... వస్తాండా..."

"మామా."

తిరగలేదు.

"మామా, చెయ్యి తియ్యి."

"రోంత జరగరా," అన్నాడు సెల్లులో. "ఇద్దరికీ చోటు చాలదు."

ముట్టుకుంటే నేనూ పోతానని తెలుసు. ఎండిన చీనీ కొమ్మ విరిచి శక్తి కొద్దీ ఆ చేతి మీద కొట్టినా. రెండో దెబ్బకు చెయ్యి డబ్బాలోంచి బయటికొచ్చి, ఆయన ఎనక్కి పడినాడు. చెవి కాడి సెల్లు ఎగిరి బోరు గుంతలోకి దించిన కేసింగు పైపు సందులో పడింది. టక్... టక్... అని పైపుకు తగులుతా లోపలికి పోయింది. చానాసేపు పోయింది. నీళ్ళలో పడిన సద్దు రాలేదు.

ఆ కొమ్మ కొనతోనే డబ్బాలోంచి సిమ్ము పీకినా. పళ్ళతో రెండు ముక్కలు కొరికినా. ఎర్ర లైటు ఆరిపోయింది. డ్రిప్పు పైపుల బుస ఆగిపోయింది.

మా మామ లేచినాడు. ఊపిరి ఉండాది, నడుస్తాండాడు. ఏడ్చేసినా. కట్టుకోని ఏడ్చినా. ఆయన నా ముందర నడిచి ఇంటికి పోయినాడు, చీకట్లో ఒక్క రాయి కూడా తగలకుండా.

ఇంట్లో కుండ కాడ కూచున్నాడు. చెంబు ముంచి ఇచ్చినా. తాగినాడు. ఇంకొకటి. ఇంకొకటి. గుటక... గుటక... నాకు ఆ సద్దు తెలుసు. కుండ అడుగు కనపడేదాకా తాగి, మూతి తుడుచుకోని చెంబు నా చేతికిచ్చినాడు.

"చాలు వదినా" అన్నాడు.

నేను అత్త పక్క చూసినా. ఆమెకు నాకన్నా ముందే తెలిసింది. భయపడుతుందనుకున్నా. ఆమె పోయి ఆయన తల మీద చెయ్యి పెట్టింది, వెంట్రుకలు నిమిరింది. సంగటి ముద్ద, కారంగా నూరిన చెనిక్కాయల ఊరిబిండి తెచ్చి ముందర పెట్టింది. మా మామ ఊరిబిండి ముట్టడు, కడుపులో మంట. ఓబిలేసుకైతే పానం. మొత్తం నాకి తిన్నాడు. అత్త కండ్లు తుడుచుకుంటా ఇంకొంచెం వడ్డించింది. ఆమెకేమి, ఇద్దరూ కొడుకులే. నాకు మొగుడు ఒకడే.

కొంగు ముడిలో సిమ్ము ముక్కలు ఉండగానే నా సెల్లు మోగింది. ఈసారి ఓబిలేసు కాదు. "మామ" అని చూపించింది.

"మ్మే" అన్నాడు. మా మామ గొంతే. చానా లోతు నుంచి వస్తాండాది. "మ్మే... ఈడ చీకటిగా ఉండాది... లేపు నన్ను."

కరెంటు పోయింది. ఫోనూ పోయింది. చీకట్లో సంగటి తినే సద్దు మాత్రం వినిపిస్తాండాది.

ఇది జరిగి నెల దాటింది. ఇంట్లో ఉండేటాయన బాగానే ఉండాడు. మేకలకు ఆకు కొడతాడు, ఊర్లో అందరితో మాట్లాడతాడు. నాతో ఒక్కదానితో ఉన్నప్పుడే వదినా అంటాడు. బయట మంచం వేసుకోని, పొద్దెక్కేదాకా నిద్రపోతాడు. శ్రీనివాసులుకు చెప్తే, "చార్జింగు లేకుండా బోరులో పడిన సెల్లు ఎట్ల మోగుతాదిక్కా, నువ్వు రోంత ఆస్పత్రికి పో" అన్నాడు. చీనీ చెట్లు అన్నీ ఎండిపోయినాయి. వాటి మీద ఏడ్చే ఓపిక నాకు లేదు.

నేను దినామూ కరెంటు వచ్చేటేళకు బోరు కాడికి పోతా. కేసింగు పైపుకు చెవి ఆనించి కూచుంటా. కరెంటు వస్తానే అడుగున యాడో సెల్లు మోగుతాది. రింగు ఆగినాక పిలుపు. "మ్మే." పళ్ళు బిగబట్టుకుంటా. "మ్మే." ఆడికి ఆగిపోతాది. మూడోది పిలువు మామా, ఒక్కసారి పిలువు, బతికుండావని నమ్మి నేనే దిగి వస్తానని ఆ ఇనుప పైపు పట్టుకోని బతిమాలుతా. ఓబిలేసును ఆయన బతిమాలినట్లే.

ఈ పొద్దు కూడా పోయినా. ఎండ మండుతాండాది. చెవి ఆనించినా. "మ్మే" అన్నాడు. "మ్మే" అన్నాడు. కండ్లు మూసుకున్నా.

"మ్మే."

"ఆ మామా" అన్నా. నెల దినాలు గొంతులో దాచుకున్న పలుకు, ఆగలేదు.

పలికినాక తెలిసింది, మూడోది పైపులోంచి రాలేదు. నా ఎనకనుంచి వచ్చింది. తిరిగి చూసినా. ఆయన నిలబడి ఉండాడు, చేతిలో ఖాళీ చెంబు.

"మ్మే, ఎండలో ఏం చేస్తాండావు ఈడ? ఇంటికి పోదాం పా" అన్నాడు. వదినా అనలేదు. మా మామ నవ్వినట్లే నవ్వినాడు, ఎడమ పక్క పెదవి వంచి. చెయ్యి చాపినాడు.

ఏమి చేసేది చెప్పండి. నెల నుంచి ఆ మాట కోసమే చస్తాండా. చెయ్యి పట్టుకున్నా.

తడిగా ఉండాది. చల్లగా, మోచేతి దాకా కారుతాండాది. చేన్లో యాడా నీళ్ళు లేవు. ఇంటి దారిన రెండడుగులు వేసినామో లేదో, ఎనక బోరులో మామ సెల్లు మల్ల మోగబట్టింది.