గీత దాటని పళ్ళెం

మా మట్టిపాత్రల షాపుకి వచ్చేవాళ్ళు పళ్ళేన్ని వేలితో తట్టి చూస్తారు. ఆమె స్కేలు పెట్టి కొలిచింది. ఒకటి కాదు, అరలో ఉన్నవన్నీ.

"పదకొండు. పదకొండున్నర. ఇది పన్నెండు! ఏమండీ, ఇవి పళ్ళేలా, తాంబాళాలా?"

"పళ్ళేలే."

"ఇంతింత వాటిలో ఎవరు తింటారండీ?"

"ఆకలేసినవాళ్ళు."

స్కేలు దించి నా వంక చూసింది. నాకు మోచేతుల దాకా మట్టి. ముక్కు మీద కూడా ఉండే ఉంటుంది. కోపంగా మొదలైన చూపు సగం దారిలో నవ్వబోయి ఆగిపోయింది.

వీధి చివర ఆసుపత్రిలో, షుగర్ ఉన్నవాళ్ళకి ఏం తినాలో ఎంత తినాలో చెప్పే మేడమ్ ఆమే. అక్కడ అందరూ పావు మేడమ్ అంటారు. ఎందుకో రెండు నిమిషాల్లో తెలిసింది.

"తొమ్మిది అంగుళాల పళ్ళెం కావాలి. మధ్యలో గీత. రంగు గీత కాదు, వేలికి తగిలే గట్టు. సగం కూరగాయలు, ఆకుకూరలు. మిగతా సగంలో పావు గుడ్డో, చేపో, పప్పో. ఇంకో పావు అన్నం. అన్నం మానేయమని నేను చెప్పను. ఎక్కడ ఆగాలో చెప్తాను. అలాంటివి నలభై."

"మట్టి ఎండితే తగ్గుతుంది, కాలితే ఇంకా తగ్గుతుంది. పది అంగుళాలకి చేస్తే తొమ్మిదొస్తుంది."

"మంట తగిలితే దిగేది మీ మట్టొక్కటేనా? మా పేషెంట్ల షుగర్ కూడా అలా దిగితే బాగుండు."

కుమ్మరి సారె ముందు కూర్చున్న నాన్న అప్పుడు తలెత్తాడు. నాన్న ఆమె పేషెంటే. పోయిన నెలే మాత్రలు మొదలయ్యాయి.

"నా పళ్ళెం నేనే చేసుకుంటానమ్మా."

"తప్పకుండా చేసుకోండి బాబాయ్!"

నా చేతిలో మట్టి ముద్ద జారి కింద పడింది.

ఆమె వెళ్ళాక నాన్న తీరిగ్గా అన్నాడు. "బాబాయ్ అందిరా."

"విన్నాను."

"అంటే ఆ వరసన నువ్వు ఆమెకి..."

"తెలుసన్నానుగా!"

"ఎప్పుడన్నావు?"

పళ్ళేలు కాల్చి ఇచ్చాక ప్రతి బుధవారం మధ్యాహ్నం భోజనం వేళకి ఆమె వచ్చేది. నాన్న కంచం చూడ్డానికి. ఇంట్లో ఇద్దరమే, వంట నాది. మొదటి రోజే నాకూ చెప్పింది.

"మీరూ ఈ పళ్ళెంలోనే తినండి. ఇంట్లో ఒక్కరికే వేరే తిండి పెడితే అది శిక్షలా ఉంటుంది. ఏం బాబాయ్?"

"వాడికి పెట్టమ్మా శిక్ష, బాగా పెట్టు."

పెట్టింది. ముందు కూరగాయలు తినమంది, నిదానంగా నమలమంది, తిన్నాక కాసేపు నడవమంది. నేను బీన్స్ వేయిస్తే నూనె ఎక్కువైందని గరిటె లాక్కుంది. తిరిగి ఇచ్చేటప్పుడు వేళ్ళు తగిలాయి. "మట్టి" అంది తన వేలు చూసుకుని. కడుక్కోలేదు. అది నేను గమనించాను.

రెండు నెలలకి నా ప్యాంటు వదులైంది. నాన్న షుగర్ మాత్రం ఎక్కడిదక్కడే కూర్చుంది.

ఎందుకో నాకు తెలుసు. మొదటి వారమే పళ్ళేలు కడుగుతుంటే నాన్నది చేతికి బరువుగా తగిలింది. పైనుంచి చూస్తే గీతలన్నీ కొలతకి సరిగ్గా ఉన్నాయి. అన్నం పావు మాత్రం గిన్నెంత లోతు. అడుగున చుట్టూ ఎత్తుగా పీట కట్టి ఆ గుంత కనపడకుండా దాచేశాడు. నలభై ఏళ్ళ పనితనం మరి.

"ఏంటి నాన్నా ఇది?"

"గీత దాటానా?"

"దాటలేదు. లోతుకెళ్ళావు."

"లోతు సంగతి ఆవిడ చెప్పలేదుగా! అయినా నా షుగర్ దిగిపోతే ఆవిడ బుధవారం బుధవారం ఎందుకొస్తుందిరా? నీ కోసమే తింటున్నాను."

"ఆ చివరి ముద్ద కూడా నా కోసమేనా?"

"అది మరీ నీ కోసం."

నేను నోరు మూసుకున్నాను. తప్పని తెలిసే మూసుకున్నాను. అప్పటికి నాకు బుధవారాలు తప్ప వారంలో ఇంకో రోజు గుర్తుండడం లేదు.

మూడు నెలల షుగర్ సగటు చూసే పరీక్షలో, ఈ పళ్ళేల్లో తిన్న మిగతా వాళ్ళందరికీ అంకె దిగింది. నాన్నకి పెరిగి తొమ్మిది దాటింది. డాక్టరు ఇంజెక్షన్ల మాట ఎత్తాడట. ఆ బుధవారం ఆమె స్కేలు తేలేదు. స్టూలు మీద కూర్చుని బయట వాన చూస్తూ అంది.

"బాబాయ్ ఒక్క ముద్ద గీత దాటలేదు. నా కళ్ళతో చూశాను. నేను చెప్పిందాంట్లోనే ఏదో తప్పుంది. ఆయన కేసు ఇంకొకరికి ఇచ్చేస్తాను."

నాన్న సారె తిప్పడం ఆపేశాడు. తల మాత్రం ఎత్తలేదు.

లేచి వెళ్ళి నా పళ్ళెం, నాన్న పళ్ళెం తెచ్చి బయట అరుగు మీద వానలో పెట్టాను.

"ఏం చేస్తున్నారు?"

"చూడండి."

వాన జోరుగా ఉంది. నా పళ్ళెంలో మూడు గదులూ ఒకేసారి నిండి పొర్లాయి. నాన్నదాంట్లో రెండే నిండాయి. మూడోది తాగుతోంది, తాగుతోంది, ఇంకా తాగుతూనే ఉంది.

ఆమె వానలోకి నడిచి వెళ్ళి అందులో వేలు పెట్టింది. వేలు సగం మునిగింది.

"మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"మొదటి వారం నుంచి."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు రారని."

ఆమె ముక్కు కొస నుంచి వాన నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోలేదు.

"అంటే నన్ను చూడ్డానికి మీ నాన్నకి షుగర్ పెంచారా? సిగ్గు లేదూ? ఆ కళ్ళకేమైనా అయితే, ఆ కాళ్ళకేమైనా అయితే ఏం చేసేవారు?"



నాన్న పళ్ళేన్ని చంకలో పెట్టుకుంది. "ఇది జప్తు" అని వానలోనే వెళ్ళిపోయింది. గొడుగు మా స్టూలుకి ఆనించి మర్చిపోయింది.

ఆ తర్వాత బుధవారాలు వచ్చాయి. ఆమె రాలేదు. నాన్న మందుల కోసం ఆసుపత్రికి తనే వెళ్ళేవాడు, చెప్పుల మోత కూడా లేకుండా తిరిగొచ్చేవాడు. పళ్ళెం జప్తయిన రాత్రే నా ఎదురుగా కూర్చుని, లోతు లేని నా పళ్ళెం ముందుకి జరుపుకున్నాడు.

"పెట్టరా. గీత దాకానే."

నేను ఒకపూట గుమ్మడికాయ, ఒకపూట క్యాబేజీ వండాను. నాన్న ఒక్కరోజూ బాగుందనలేదు, ఒక్కరోజూ వదిలిపెట్టలేదు. తిన్నాక ఇద్దరం వీధి చివరిదాకా నడిచేవాళ్ళం. అక్కడ ఆసుపత్రి ఉందన్న సంగతి ఇద్దరం ఎత్తేవాళ్ళం కాదు.

మళ్ళీ మూడు నెలలకి పరీక్ష. ఏడు వచ్చింది. ఇంజెక్షన్ల మాట పోయింది. నాన్న ఆ కాగితం నా ముందు పెట్టాడు.

"దిగింది. ఇంక ఆవిడకి మనింట్లో పని లేదు. సారీరా."

నాన్న నోట ఆ మాట వినడం అదే మొదలు.

మర్నాడు బుధవారం. నేను సారె మీద పళ్ళెం మలుస్తున్నాను. గుమ్మంలో వెలుతురు తగ్గింది.

"గొడుగు కోసం వచ్చాను."

బయట ఎండ మండిపోతోంది.

"మూలనుంది" అన్నాను.

ఆమె మూలకి వెళ్ళలేదు. నాన్న వైపు తిరిగింది.

"కంగ్రాట్స్! ఏడుకి దిగారట. భోంచేశారా మావయ్యా?"

తిరుగుతున్న పళ్ళెం నా చేతుల్లో కుప్పకూలింది. నాన్న నన్ను చూశాడు, కూలిన మట్టిని చూశాడు, ఆమెని చూశాడు.

"బాబాయ్ కదా అనేదానివి?"

"వరస మార్చానంతే" అంది పావు మేడమ్. "గీత దాటలేదుగా!"

నాన్న మీసం కింద నవ్వు దాచుకోవడం చేతకాక లేచి నిలబడ్డాడు.

"ఒరేయ్, అలా మట్టిలో చేతులు పెట్టుకుని కూర్చోక, ఇంకో పళ్ళెం తీసుకురా. లోతు లేనిది!"