మునిచీకటి డ్యూటీ

ఆదివారం పొద్దున సుబ్బరావమ్మ పెనం మీద రెండో అట్టు తిప్పుతుండగా గేటు దగ్గర నాగూర్ వలి కర్ర చప్పుడైంది. పోలియో కాలితోనే ఏళ్ళ తరబడి స్పిన్నింగు మిల్లు స్టోర్సులో పనిచేస్తున్న మనిషి. ఆమె భర్త వీరాంజనేయులు అదే మిల్లులో షిఫ్టు బస్సు డ్రైవరు.

"రా వలీ, సరిగ్గా అట్టు వేళకే దిగబడ్డావు," అన్నాడు వీరాంజనేయులు.

వలి నవ్వలేదు. "అన్నా, ఒంట్లో ఏదో ఒక లోపం ఉన్న పనివాళ్ళమంతా కలిసి సంఘం పెట్టుకున్నాం. కొత్త మేనేజరు ఒప్పుకున్నాడు. చెయ్యలేని పని నుంచి చెయ్యగలిగిన పనికి మారుస్తారంట, ఎవరినీ తీసెయ్యరంట. సాయంత్రం క్యాంటీను వెనక గదిలో మీటింగు. నువ్వూ రావాలి."

"నేనా? నాకేం రోగం?"

"మునిచీకటి పడితే ఏదో ఒక పత్తి లారీ ముందు పోయేదాకా నువ్వు బస్సు కదల్చవు. దాని ఎర్ర లైటు పట్టుకుని వెనకాలే నడుపుతావు. మొదటి సీట్లో కూచునేది నేనేగా."

వంటింట్లోంచి సుబ్బరావమ్మ అట్లకాడతో సహా వచ్చింది. "ఏం వలీ! నీ కాలికి వంక ఉందని మా ఆయన కళ్ళకి వంక పెడతావా? రేపు ఉద్యోగం ఊడితే నువ్వొచ్చి మా పొయ్యి వెలిగిస్తావా?"

"తప్పయితే క్షమించు వదినా. ఆ బస్సు నిండా మిల్లు ఆడపిల్లలే," అని వలి లేచి వెళ్ళిపోయాడు. లోపల అట్టు మాడిన వాసనేసింది.

అతనన్నది అబద్ధమైతే ఆమెకి అంత కోపం వచ్చేది కాదు. వీరాంజనేయులుకి రేచీకటి. పగలంతా చక్కగా కనిపించే రోడ్డు పొద్దు వాలగానే కరిగిపోతుంది. ఆ సంగతి భార్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

దాన్ని మించిన సంగతి ఇంకొకటుంది. రెండువేల మూడులో మిరప కోతలప్పుడు, జనాన్ని దింపి ఖాళీ బస్సు తెస్తుంటే ముందు లారీ దొరకలేదు. మలుపు దగ్గర చక్రం కింద ఏదో మెత్తగా తగిలింది. ఆ రోజుల్లో రోడ్డు వారనే కాయలు ఆరబోసుకుని, పక్కనే కాపలా పడుకుంటారు జనం. దిగి పిలిచాడు. ఎవరూ పలకలేదు. మిరప ఘాటుకి దగ్గొచ్చింది, అంతే. తెల్లవారగానే సుబ్బరావమ్మ ఆ దారెంట వెతుక్కుంటూ వెళ్ళి చూసొచ్చి, కుక్క చచ్చి పడుందని చెప్పింది. ఆ మాట పట్టుకునే అతను మళ్ళీ స్టీరింగు పట్టాడు. అయినా ఇప్పటికీ దీపాల వేళయ్యేసరికి ఆ మెత్తని దెబ్బ అరికాలికి తగులుతూనే ఉంటుంది. అన్నం కలుపుకుంటున్నా తగులుతుంది.

"మీటింగుకి వెళ్తాను సుబ్బులూ," అన్నాడు.

"వెళ్ళి గుడ్డివాణ్ణని దండోరా వేయించుకుంటారా?"

"ఆ రోజంటే కుక్క కాబట్టి సరిపోయింది." ఎప్పుడూ అడిగేదే మళ్ళీ అడిగాడు. "ఏ రంగు కుక్క?"

"ఎర్రది. ఎన్నిసార్లు చెప్పాలి?"

"ఇన్నాళ్ళూ నల్లదన్నావు."

సుబ్బరావమ్మ చేతిలోంచి అట్లకాడ జారింది. గోడకి జారగిలపడి అలాగే కింద కూచుంది.

"అక్కడ కుక్కా లేదు, మనిషీ లేడండీ. కాయలు చితికి రోడ్డంతా ఎర్రగా ఉంది. అది మిరపకాయో నెత్తురో నాకు తెలియలేదు. ముట్టుకుని చూడ్డానికి చెయ్యి రాలేదు. ఆస్పత్రికెళ్ళి ఎవరినైనా తెచ్చారా అని అడిగాను. లేదన్నారు. కళ్ళు మూస్తే చాలు, ఆ ఎరుపే!" అంటూ భోరుమంది.

అతనికి కోపం రావాలి. రాలేదు. పక్కన చతికిలబడ్డాడు. "నాకొక్కడికే దయ్యం పట్టిందనుకున్నానే. నీక్కూడా పట్టిందా, పిచ్చిదానా," అన్నాడు.

సాయంత్రం ఇద్దరూ బయల్దేరారు. వీధిలో చీకటి పడుతోంది. ఇంట్లో తప్ప బయట ఎన్నడూ పట్టుకోనివ్వని తన భుజం మీదికి అతని చేతిని ఆమే తీసి వేసుకుంది. అరుగుల మీద ఆడవాళ్ళు మాటలాపి చూశారు. చూస్తే చూశారు.

క్యాంటీను వెనక గది గుమ్మం దగ్గర ఆమె ఆగిపోయింది. "పొద్దున నోరు జారాను వలీ," అంది. "పోనీలే వదినా," అని వలి ఆయనకి కుర్చీ జరిపాడు.

వీరాంజనేయులు వంతు వచ్చింది. లేచి నిలబడ్డాడు. "పేరు వీరాంజనేయులు. షిఫ్టు బస్సు డ్రైవరుని. పొద్దు వాలితే నాకు కనపడదు." తర్వాత మలుపు సంగతి కూడా చెప్పేశాడు. "అక్కడెవరికైనా ఏమైనా అయిందేమో, ఊళ్ళోకెళ్ళి అడగాలి. ఏ కబురైనా సరే వినాలి. ఒక్కణ్ణీ వెళ్ళడానికి కాళ్ళాడటం లేదు."

వలి కర్ర ఊతంతో లేచాడు. "మేమంతా వస్తాం అన్నా. సరిగ్గా ఎక్కడో గుర్తుందా?"

వీరాంజనేయులు తల అడ్డంగా ఊపాడు. ఆ చీకట్లో అతనికి కనిపించిందేముంది గనక!

"నాకు గుర్తుంది," అంది గుమ్మంలోంచి సుబ్బరావమ్మ. "నేను చూపిస్తాను."