అష్టమి నాటి సముద్రం

ఆ శనివారం పొద్దున తహ్మీనా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని వేల్స్ గొర్రెలను చూస్తోంది. గొర్రెల మీద ఆమెకు ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు. నెల్లూరులో పుట్టిన మనిషికి గొర్రె అంటే బక్రీదు, బిర్యానీ, అంతే. కానీ ఎనిమిదో ఏడు నిండబోతున్న కూతురు అల్మాస్‌కి అవంటే పిచ్చి. అందుకే పెంబ్రోక్‌షైర్ అనే ఆ జిల్లాలో, ఒకపక్క సముద్రం, ఒకపక్క పచ్చిక ఉన్నచోట, రైతుల ఇల్లొకటి వెతికి పట్టింది.

రోజూ ఆరున్నరకల్లా మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో కారెక్కి దుబాయ్ పక్క జెబెల్ అలీలో ఆఫీసుకు పోయి, చీకటి పడ్డాక ఇల్లు చేరే తల్లి ఆమె. పిల్లకు జడలు వేసేదీ, అన్నం తినిపించేదీ, జ్వరమొస్తే పక్కన కూర్చునేదీ వీరదుర్గ. అంతర్వేది దగ్గర చేపలు పట్టేవాళ్ల పల్లె నుంచి వచ్చి, ఐదేళ్లుగా ఈ ఇంట్లోనే పనిచేస్తోంది. ఆగస్టులో పన్నెండు రోజులు దుర్గ ఉండదు, ఆఫీసు ఉండదు, పిల్ల అచ్చంగా తనది. తహ్మీనా ఈ ప్రయాణం పెట్టుకున్నదే అందుకు.

"అల్మాస్, ఇదిగో! మన గది కిటికీలోంచే గొర్రెలు కనిపిస్తాయంట."

పిల్ల ఫొటో చూసింది, చప్పట్లు కొట్టింది, తుర్రున వంటింట్లోకి పరిగెత్తింది. "దుర్గమ్మా, గొర్రెలకి మొహాలు నల్లగా ఉన్నాయి!"

తహ్మీనా పళ్లు కొరుక్కుంది. పొద్దుట్నుంచి ఇదే వరస. తను చూపించేది హాల్లో, సంబరం పంచుకునేది వంటింట్లో.

"పదమూడో తేదీ నీ పుట్టినరోజు కదా. ఆ రోజు మనం సముద్రంలో నడిచి, మొన్న నీకు చూపించిన ఈ రాతి దిబ్బ దాకా పోతాం. నీళ్లు వెనక్కి పోతే ఇసుకలో దారి పడుతుందంట," అంది తహ్మీనా, పిల్ల తిరిగొచ్చాక.

"దుర్గమ్మ కూడా వస్తుందిగా అమ్మీ?"

"రాదు. నువ్వు, నేను, మీ అబ్బా. మనం ముగ్గురమే."

అల్మాస్ మొహం చిన్నబోయింది. తను గీసి ఫ్రిజ్ మీద అతికించిన బొమ్మకేసి చూసింది. దిబ్బ మీద చేతులు పట్టుకున్న పెద్ద మనిషి, చిన్న పిల్ల. దూరంగా ఒడ్డు మీద ఒంటరిగా ఇంకొకరు. రెండు రోజులుగా ఆ బొమ్మ తహ్మీనా గుండెల్లో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. ఒడ్డున మిగిలింది ఎవరో అడిగే ధైర్యం ఆమెకు లేదు. తనేననుకుంది.

పిల్ల మళ్లీ వంటింట్లోకి పోయింది. ఈసారి వచ్చేటప్పుడు నెమ్మదిగా వచ్చింది.

"అమ్మీ, పుట్టినరోజు నాడు దిబ్బకి వద్దు. ఆ రోజు అష్టమి. దుర్గమ్మ వెళ్లొద్దంది."

తహ్మీనా లేచిన ఊపుకి కుర్చీ వెనక్కి పడింది. ఆమె వంటింట్లోకి దూసుకుపోయేసరికి, దుర్గ ఊరి నుంచి తెప్పించుకున్న తెలుగు క్యాలెండరు కింద, దోసె పొయ్యి మీదే ఉంది.

"అష్టమి, నవమి, రాహుకాలం! ఇవన్నీ నా బిడ్డకి నేర్పమని నిన్నడిగినానా? నిన్ను తీసకపోవడంలేదని అడ్డుపుల్లలేస్తుండావా?"

"అయ్యో, అది కాదు మేడమ్, ఆ సముద్రం..."

"ఇంక చెప్పొద్దు. వచ్చే నెల నీ వీసా అయిపోతుంది గదా? ఖలాస్. ఇంక రెన్యూ చేయించేది లేదు."

అల్మాస్ బావురుమని ఏడుస్తూ పోయి దుర్గ నడుమును చుట్టేసింది. ఆ క్షణాన ఆ పిల్ల చేయకూడని పని ఏదైనా ఉందంటే అదొక్కటే. తహ్మీనా కళ్లు మండిపోయాయి. దుర్గ పిల్ల చేతులు విడిపించి, "అమ్మ దగ్గరకెళ్లమ్మా," అంది. పిల్ల కదల్లేదు. దోసె మాడింది.

"ఏందీ కేకలు?" అంటూ తహ్మీనా భర్త యాసీన్ చేతిలో టీ గ్లాసుతో వచ్చాడు. సంగతి విన్నాడు. గ్లాసు గట్టు మీద పెట్టి ఫోను తీశాడు. ఆటుపోట్ల పట్టిక వెతికి, వేలితో జరుపుతూ చదివాడు.

"తహ్మీనా, ఇది చూడు. ఆ తీరంలో పదమూడున నీళ్లు దిబ్బ దాకా తగ్గనే తగ్గవంట. సగం దారిలోనే ఆగిపోవాల. ఇరవైనైతే మధ్యాహ్నం శుభ్రంగా నడిచిపోవచ్చంట."

తహ్మీనా ఫోను లాక్కుని తనూ చదివింది.

"నీకెట్టా తెలిసింది?" అని తహ్మీనా దుర్గనే అడిగింది. గొంతు దిగింది.

"మా నాన్న వేటకెళ్లేవోడండి. అష్టమికి సముద్రం బద్ధకంగా ఉంటాదండి. పెద్దగా పొంగదు, పెద్దగా ఎనక్కీ ఎళ్లదు. పున్నమి దాటిన మర్నాడు, అదే ఆ ఇరవైన, సూడండి, ఎక్కడికో ఎళ్లిపోద్ది. ఏ దేశమైనా సందమామ ఒక్కడే గదండీ."

నెలవంకను చూసి పండగ చేసుకునే ఇంటి మనిషికి ఆ మాట వేరే చెప్పనక్కర్లేదు. తహ్మీనా తల దించుకుంది.

"నేనే అడిగా దుర్గమ్మని," అంది అల్మాస్ ఎక్కిళ్ల మధ్య. "అమ్మీతో దిబ్బ మీదికి ఎప్పుడెళ్తే బావుంటుందీ అని. బొమ్మలో ఇది నువ్వు, ఇది నేను."

"మరి ఒడ్డున?"

"దుర్గమ్మ. మన చెప్పులు పట్టుకునుంది."

తహ్మీనా వంటింటి స్టూలు మీద కూలబడింది. చున్నీతో మొహం కప్పుకుని ఏడ్చేసింది. "నాకు కుళ్లు దుర్గా. నా బిడ్డ ముందు నిన్ను పిలుస్తుందని కుళ్లు."

"తెలుసండి." దుర్గ పొయ్యి కట్టేసింది. "రోజూ రాత్రి పిల్లని ఇంకా ఎందుకు పడుకోబెట్టలేదని తిడతారు గదా. మీ కారు సప్పుడు ఇనబడేదాకా కతలు సెప్పి నేనే కూకోబెడతానండి. మిమ్మల్ని సూడకుండా పడుకోకూడదని." మాడిన దోసె గీకి పక్కన పడేసింది. "ఊళ్లో మా పాప సత్యవేణి మా అమ్మని అమ్మా అంటాది. నన్ను దుబాయ్ అమ్మా అంటాది. ఆ కుళ్లుతో మొన్న ఫోన్లో మా అమ్మతో దెబ్బలాడేను."

తహ్మీనా ఆమె చెయ్యి పట్టుకుంది. తడి చెయ్యి, పిండి అంటిన చెయ్యి.

"వీసా మాట మర్చిపో. నోరు జారినా. మేము పోయే రోజే నువ్వూ మీ ఊరికి పో, టికెట్ నేను తీస్తా. మళ్లీ రావాల నువ్వు, అల్మాస్ ఊరుకోదు." పిల్లకేసి చూసి, "నేనూ ఊరుకోను," అంది.

"మరి చెప్పులు ఎవరు పట్టుకుంటారు?" అంది అల్మాస్ దిగులుగా.

"మీ అబ్బా ఉన్నాడు గదా, దేనికి పనికొస్తాడు?" అని యాసీన్ తనమీద తనే చెణుకు విసురుకున్నాడు. పిల్ల ఏడుపులోనే కిసుక్కున నవ్వి, వచ్చి తల్లి ఒళ్లో కూర్చుంది.

దుర్గ క్యాలెండరు దించి తెచ్చి, ఆగస్టు కాగితం తిప్పింది. తహ్మీనా పదమూడు కొట్టేసి, ఇరవై చుట్టూ సున్నా చుట్టి, పెన్ను దుర్గకిచ్చింది.

"మీ ఊళ్లో కూడా ఆ రోజు సముద్రం వెనక్కి పోతుంది గదా. సత్యవేణిని తీసకపో."

దుర్గ అదే అంకె చుట్టూ ఇంకో సున్నా చుట్టింది. చుట్టాక పెన్ను తిరిగివ్వకుండా నిలబడింది.

"దాన్ని సూసి ఐదేళ్లయిందండి మేడమ్. నాతో వత్తాదంటారా?"

తహ్మీనా ఒళ్లోని పిల్లను ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో దుర్గను దగ్గరికి లాక్కుంది.